మాయ దాటని మందు

నూకరత్నం ఆసుపత్రి మంచం మీద వెనక్కి వాలి కొబ్బరినీళ్లు తాగుతోంది. పక్క గదిలో నొప్పులు పడుతున్న ఇంకొకావిడ అరుపులు గోడ దాటి వినిపిస్తున్నాయి.

“ఆవిడకీ ఈ మందే ఇవ్వచ్చు కదండి,” అంది నూకరత్నం.

“అడిగామమ్మా. కొత్త మందని భయపడింది,” అంది వారిజ.

“నేనూ భయపడ్డానండి. ఇప్పుడు లేదు.” నూకరత్నం పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆగింది. “ఇదిగో, వస్తంది. గట్టిపడతంది. తెలుస్తంది గానీ నొప్పి లేదండి. ఎవరో పట్టుకుని మళ్లీ వదిలేసినట్టుంది.”

వారిజ ఆ మాటలు వింటూ నిలబడింది. ఈ మాటల కోసమే ఆమె ఏళ్ల తరబడి కాకినాడ ఊరి చివర ఉన్న పరిశోధనశాలలో పనిచేసింది.

నల్లమందు జాతి మందులు పురిటినొప్పిని తగ్గిస్తాయని డాక్టర్లకి ఎప్పటినుంచో తెలుసు. చిక్కల్లా బిడ్డతోనే. తల్లి నరంలోకి ఎక్కించిన మందు, కడుపులో బిడ్డని తల్లికి కలిపే మాయలోంచి బిడ్డకీ చేరుతుంది. బిడ్డ మత్తుగా పుడుతుంది, ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది. వారిజ కూతురు హేల అలాగే పుట్టింది. ఆ రోజు వారిజకి నొప్పి తగ్గడానికి ఆ జాతిదే అయిన పెతిడిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. బిడ్డ బయటికొచ్చాక ఎంతసేపటికీ ఏడుపు వినపడలేదు. నర్సులు బిడ్డని బల్ల మీద వేసి చిన్న మాస్కుతో గాలి కొడుతుంటే, వారిజ కళ్లు తెరవలేని మత్తులో ఆ నిశ్శబ్దాన్ని వింటూ పడుకుంది. హేల బతికింది, ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కానీ వారిజ ఆనాటినుంచీ ఒకటే ప్రశ్న పట్టుకుంది. తల్లికి పనిచేసి, మాయ దగ్గర ఆగిపోయే మందు తయారుచెయ్యలేమా?

చేసింది. మందు అణువుకి పొడవాటి తోక ఒకటి అతికించింది. ఆ తోకని చూసి మాయలోని కణాలు మందుని లోపలికి రానివ్వకుండా ఆపేస్తాయి. కుందేళ్లలో, గొర్రెల్లో పనిచేసింది. తర్వాత తన చిన్ననాటి స్నేహితురాలు డాక్టర్ జెరూషా నడిపే ప్రసూతి ఆసుపత్రిలో, ఒప్పుకున్న తల్లులకి ఇవ్వడం మొదలుపెట్టారు. అందరి పిల్లలూ పుట్టగానే గుక్కపట్టి ఏడ్చారు. ఆసుపత్రి ఆయాలు దానికి చల్లమందు అని పేరు పెట్టుకున్నారు.

నూకరత్నానిది తొలికాన్పు. ఆ రోజు తెల్లారగానే చేరింది. మధ్యాహ్నం దాటినా బిడ్డ కిందికి దిగలేదు. మందు పట్టు సడలినప్పుడల్లా ఇంకొంచెం ఎక్కిస్తూ వచ్చారు. ఆమె మటుకు కబుర్లు చెబుతూనే ఉంది. తన భర్త సింహాద్రి బోటు ఇంజన్లు బాగుచేస్తాడని, చేతులకి డీజిలు వాసన ఎన్నిసార్లు కడిగినా పోదని, బిడ్డని ఆ చేతులతో ఎత్తుకోనివ్వనని చెప్పింది. చివర్లో ముక్కమన్నప్పుడు మంచం కమ్మీలు పట్టుకుని గట్టిగా ముక్కింది. రక్తంలో ప్రాణవాయువు కొలవడానికి వేలికి పెట్టిన క్లిప్పు ఊడి కింద పడింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆడపిల్ల. బయటికి వస్తూనే ఏడ్చింది. గదిలో అందరి మొహాలూ వెలిగిపోయాయి. వారిజ బిడ్డ వెంట బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఊపిరి చూసింది, రంగు చూసింది, బొడ్డుతాడులోంచి తీసిన రక్తాన్ని యంత్రంలో పెట్టి చూసింది. మందు జాడ లేదు. నర్సులు బిడ్డని తుడుస్తూ నవ్వుతున్నారు. మాయ కూడా తేలిగ్గా పడిపోయింది. నూకరత్నం కళ్లు మూసుకుని ఉంది. రోజంతా కష్టపడింది, పడుకోనీ అనుకున్నారు.

“రత్నం, నీ కూతుర్ని చూడవే,” అంటూ జెరూషా వెనక్కి తిరిగింది.

జవాబు లేదు. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఛాతీ కదలడం లేదు.

తర్వాత జరిగినవన్నీ వారిజకి ముక్కలుముక్కలుగానే గుర్తున్నాయి. జెరూషా మంచం మీదికి ఎక్కి మాస్కు నొక్కి పట్టడం, విరుగుడు మందు కోసం నర్సు పరుగెత్తడం, ఏడుస్తున్న పసిబిడ్డని ఆయా తువ్వాలులో చుట్టి బయటికి తీసుకుపోవడం. విరుగుడు ఎక్కాక నూకరత్నం పెద్దగా ఒక ఊపిరి తీసుకుంది. తర్వాత ఇంకొకటి. ప్రాణం దక్కింది. కానీ ఎంతసేపు ఊపిరి ఆగిపోయిందో ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే ఆ సమయంలో ఆమెవైపు ఎవరూ చూడలేదు.

నూకరత్నం పూర్తిగా తెలివిలోకి రావడానికి చాలా రోజులు పట్టింది. భర్తని గుర్తుపట్టింది. అత్త మంగాయమ్మని గుర్తుపట్టింది. పెళ్లి గుర్తుంది, ఇల్లు గుర్తుంది. గడిచిన ఏడాది మటుకు తుడిచిపెట్టుకుపోయింది. తాను గర్భవతినన్న సంగతే ఆమెకి తెలీదు. పక్కన పడుకోబెట్టిన బిడ్డని చూసి, “ఎవరి పాపండీ, బావుంది,” అని నర్సుని అడిగింది. నీదేనని చెబితే ఆశ్చర్యపోయింది, ఏడ్చింది, నమ్మింది. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే అడిగింది.

వారిజ సింహాద్రితో మాట్లాడాలని వరండాలోకి వెళ్లింది. అతను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. సన్నగా, ఎండకి నల్లబడిన మనిషి. ఆమె ఏమి చెప్పాలో వెతుక్కుంటుంటే అతనే మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

“మందు పిల్లకి చేరదన్నారు. చేరలేదండి. పిల్ల బంగారంలా ఉంది. మరి మా రత్నాన్ని ఎవరు చూసేరండి?”

వారిజ అతని పక్కనే గోడకి ఆనుకుంది.

“మీరు చదువుకున్నోరు. నాకు చెప్పండి, ఎందుకిలా అయిందో. అంతే. ఇంకేం అడగను.”

“తెలుసుకుని వచ్చి చెబుతాను,” అంది వారిజ.

ప్రయోగం ఆగిపోయింది. ఎథిక్స్ కమిటీ పిలిచి ప్రశ్నలు వేసింది. వారిజ, జెరూషా దాచకుండా అన్నీ చెప్పారు. ఇంతమందికి ఏమీ కానిది ఒక్కరికే ఎందుకైందని వాళ్లు అడిగారు. అదే ప్రశ్న వారిజనీ నిద్రపోనివ్వడం లేదు. మోతాదు ఎక్కువేం కాలేదు. సాయంత్రం దాకా నూకరత్నం ఊపిరి నిక్షేపంగా ఉంది. బిడ్డ పుట్టిన తర్వాతే ఆగింది, అదీ కొత్తగా మందు ఇవ్వకుండానే.

మందు వాడిన ప్రతి కాన్పు తర్వాతా మాయని పరిశోధనశాలలో మంచుపెట్టెలో దాచేవాళ్లు. బిడ్డవైపుకి మందు చేరిందేమో చూడ్డానికి మాయలో ఆ వైపు ముక్కనే ఇన్నాళ్లూ పరీక్షించారు. వారిజ ఇప్పుడు తల్లివైపు పొర తీసుకుంది. మిగతా తల్లుల మాయల్లో అక్కడ మందు కొద్దికొద్దిగా ఉంది. నూకరత్నం మాయలో యంత్రం చూపించిన గీత కాగితం పైఅంచు దాటిపోయింది.

వారిజ జెరూషాకి ఫోన్ చేసింది.

“మాయ మందుని వెనక్కి పంపుతుందనుకున్నాం జెరూషా. పంపలేదు. గుమ్మం దగ్గరే నిలబెట్టింది. గొర్రెలు గబగబా ఈనేస్తాయి కాబట్టి అక్కడ పోగవడానికి సమయం లేదు. మిగతా తల్లులవీ తొందరగా అయిపోయిన కాన్పులే. రత్నం రోజంతా నొప్పులు పడింది. మనం ఇస్తూ పోయాం, అది అక్కడ పేరుకుంటూ పోయింది.”

అవతల జెరూషాకి అర్థమైంది. “బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకుంటుంది,” అంది మెల్లగా. “మాయ దగ్గరున్న రక్తాన్నంతా పిండి తల్లి ఒంట్లోకి తోసేస్తుంది.”

“రక్తంతో పాటు మందు కూడా. ఒక్కసారిగా.”

“సరిగ్గా మనమంతా బిడ్డ చుట్టూ మూగినప్పుడు.”

వారిజ ఆ వారమే జగన్నాథపురం వంతెన అవతల సింహాద్రి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రెండు గదుల డాబా. ముందు వసారాలో విప్పిన ఇంజను భాగాలు గోనెపట్టా మీద పరిచి ఉన్నాయి. సింహాద్రి లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి, ఏమైందో దాచకుండా తేలిక మాటల్లో చెప్పింది. తాము బిడ్డ వైపే చూశామని, తల్లి వైపు చూడాల్సింది చూడలేదని కూడా చెప్పింది. అతను స్పానరు చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. విన్నాక ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

అప్పటినుంచీ వారిజ వీలైనప్పుడల్లా వెళ్లేది. జ్ఞాపకశక్తికి చికిత్స చేసే డాక్టరుని వెంటబెట్టుకెళ్లేది, ఒక్కోసారి ఊరికే వెళ్లి కూచునేది.

మంగాయమ్మ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చేపల మార్కెట్లో ఏళ్లపాటు కూర్చున్న గొంతు. ప్రతి పొద్దునా కోడలు లేచి మొహం కడుక్కోగానే బిడ్డని తెచ్చి ఒళ్లో పెట్టేది. “ఇది నీ కూతురు. చవితి వెళ్లాక పుట్టింది. పేరు లోవకుమారి. నీకు ఒంట్లో బాగోక మర్చిపోయావు. పాలియ్యి,” అనేది. రోజూ అవే మాటలు, అదే గొంతు. విసుగు ఉండేది కాదు.

నూకరత్నం రోజూ, “అలాగా అత్తా,” అనేది. పొరుగింటి బిడ్డని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా ఎత్తుకునేది. ఒకనాడు వారిజ ఉండగానే బిడ్డ లోపలి గదిలో ఏడ్చింది. నూకరత్నం జాకెట్టు ముందుభాగం తడిసింది. ఆమె సిగ్గుపడి పైట కప్పుకుంది.

“ఎవరి పిల్లో ఏడిస్తే నాకెందుకత్తా ఇలా అవుతంది?” అంది.

మంగాయమ్మ లేచి వెళ్లి బిడ్డని తెచ్చింది. “ఇది నీ కూతురు,” అని మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

ఆ రోజు ఇంటికొచ్చి వారిజ భోజనం చెయ్యలేదు. హేల కంచం ముందు కూచుని తల్లి మొహం చూసింది.

“ఆపేద్దామనుకుంటున్నానే,” అంది వారిజ. “ఈ మందూ వద్దు, ఈ పరిశోధనా వద్దు. ఇంకేదైనా చేసుకుంటాను.”

“ఆపేస్తే ఏమవుతుందమ్మా?”

“ఏమీ కాదు.”

“ఏమీ కాకపోవడమేంటి? రేపు ఎవరైనా నొప్పి తట్టుకోలేనంటే వాళ్లకి ఏమిస్తారు?”

“పాత ఇంజెక్షనే.”

“నీకు ఇచ్చిందే కదా,” అంది హేల. “ఎందుకైందో తెలీకుండా ఆపేస్తే సరేననేదాన్ని. నీకు తెలిసింది. తెలిశాక ఆపేస్తే ఎలా?” అని చారు గిన్నె తల్లి ముందుకి జరిపింది.

వారిజ మర్నాడు పనిలోకి వెళ్లింది.

మాయని గుమ్మంలా చూడ్డమే మొదటి పొరపాటని ఆమెకి తోచింది. గుమ్మం ఆపుతుందంతే, ఆగినవి అక్కడే పోగుపడతాయి. కానీ మాయ బతికున్న అవయవం. అందులో కత్తెరల్లాంటి ఎంజైములుంటాయి, తమకి తెలిసిన ముడి కనిపిస్తే కత్తిరించేస్తాయి. మందుకీ తోకకీ మధ్య అలాంటి ముడి ఒకటి పెడితే? మాయ దగ్గర ఎంతసేపు ఆగితే అంత ముక్కలైపోతుంది. ముక్కలకి మత్తు ఉండదు. గర్భసంచి పిండినా తల్లికి చేరేవి ఆ ముక్కలే.

కాన్పయ్యాక తల్లులు ఇష్టపడి ఇచ్చిన మాయల్ని జెరూషా పంపేది. వారిజ వాటిని వెచ్చటి తొట్టెలో పెట్టి, పంపుతో రక్తం తిప్పుతూ కొన్ని గంటలు ప్రాణంతో ఉంచేది. సుదీర్ఘమైన కాన్పులో ఇచ్చినట్టే మళ్లీమళ్లీ మందు ఎక్కించేది. చివర్లో గర్భసంచి పిండినట్టు పిండి, కారిన రక్తంలో ఏముందో చూసేది. మొదటి ముడులు మరీ గట్టివి, తెగలేదు. తర్వాతవి మరీ బలహీనం, మందు తల్లి మెదడు చేరకుండానే తెగిపోయింది. ఎండాకాలం వెళ్లి వానలొచ్చాయి. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది.

చివరికి ఒక ముడి కుదిరింది. పిండిన రక్తం దాదాపు శుభ్రంగా వచ్చింది. కానీ దానికీ ఒక వెల ఉంది. మాయ గుండా రక్తం పారినప్పుడల్లా కొంత మందు తెగిపోతూనే ఉంటుంది కాబట్టి నొప్పి పూర్తిగా పోదు.

“సగం ఉంటుంది,” అంది వారిజ.

“సగం తగ్గినా చాలామందికి అది చాలు,” అంది జెరూషా. “ఇంకో సంగతి. ఈసారి లేబర్ రూంలో తల్లి కోసమే ఒక నర్సుని కూచోబెడతాను. ఇల్లు తగలబడుతున్నా ఆ నర్సు బిడ్డ వైపు తల తిప్పకూడదు.”

వానాకాలం సగంలో సింహాద్రి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అతను వారిజకి ఫోన్ చెయ్యడం అదే మొదలు.

“మేడం, మా అమ్మ ఇవాళ నిద్ర లేవడం ఆలస్యమైందండి,” అన్నాడు. “పిల్లని ఎవరూ రత్నం దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇదే లేచి వచ్చి, లోవ ఏదని అడిగిందండి.” వెనకాల ఎక్కడో బోటు ఇంజను చప్పుడు. వారిజ ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడింది.

అక్కణ్ణుంచి నూకరత్నం కుదుటపడింది. నిన్నటి సంగతులు నిలవసాగాయి. కొన్ని పేర్లు తడుముకునేది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది, అంతే. చెరిగిపోయిన ఆ ఏడాదిలో మటుకు కొన్ని తునకలే తిరిగొచ్చాయి. లోవ పుట్టిన రోజు రానేలేదు.

కమిటీ ఎన్నో పరీక్షలు చూశాక కొత్త మందుకి అనుమతిచ్చింది. జెరూషా ఆసుపత్రిలో మళ్లీ మొదలైంది. కొందరు తల్లులు ఇదేం మందు, నొప్పి అలాగే ఉందన్నారు. చాలామంది తట్టుకోగలిగామన్నారు. పిల్లలు ఏడుస్తూ పుట్టారు. తల్లులు వాళ్లని చూసుకున్నారు. మెల్లగా వేరే ఊళ్ల ఆసుపత్రులూ మందు అడిగాయి. వారిజ మందుతో పాటు తల్లి పక్కన కూచునే మనిషి ఉండాలన్న షరతు కూడా పంపేది. అది కుదరదన్నచోటికి మందు పంపేది కాదు.

లోవ బడికి వెళ్లే వయసొచ్చేసరికి నూకరత్నం మళ్లీ గర్భవతి అయింది. నెలలు నిండుతుండగా భర్తతో కలిసి జెరూషా గదికి వచ్చింది. వారిజ కూడా అక్కడే ఉంది.

“నాకు ఆ మందు కావాలండి,” అంది నూకరత్నం.

సింహాద్రి నేల చూపులు చూస్తున్నాడు. ఇంట్లో ఈ వాదన చాలాసార్లు అయిందని అతని మొహమే చెబుతోంది.

“అవసరం లేదమ్మా,” అంది వారిజ వెంటనే. “రెండో కాన్పు తొందరగా అయిపోతుంది. మందు లేకుండా కూడా…”

“మా అక్కకి మందు లేకుండానే అయిందండి. నొప్పికి కళ్లు తిరిగి, బిడ్డ ఎప్పుడొచ్చిందో కూడా తెలీలేదంది. నాకలా వద్దు.” ఆమె కుర్చీలో ముందుకి జరిగింది. “లోవ పుట్టడం నాకు గుర్తు లేదండి. అది పడుకున్నాక దాని మొహం చూస్తూ ఎంత ఆలోచించినా రాదు. ఇదైనా నాకు తెలియాలి. నొప్పి కొంచెం ఉంటే ఉండనీండి, తెలుస్తంది. అంతా మటుకు భరించలేను.”

“ఆ రోజు నీకేమైందో తెలిసి కూడా అడుగుతున్నావా?” అంది జెరూషా.

“తెలిసే అడుగుతున్నానండి. మీకూ ఇప్పుడు తెలుసు కదా.”

సింహాద్రి అప్పుడు తలెత్తాడు. “దాని ఇష్టమండి,” అన్నాడు. “నాకైతే భయమే. కానీ కాన్పు దానిది.”

ఆమెకి నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. తల్లి పక్కన కూచునే నర్సు సిద్ధంగా ఉంది. వారిజ ఆమెని అడిగి ఆ స్టూలు తాను తీసుకుంది. నూకరత్నం చెయ్యి పట్టుకుని కూచుంది. వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర ఊపిరి కొలిచే సన్నటి గొట్టం ఉన్నాయి. అయినా వారిజ కళ్లు ఆమె ఛాతీ మీంచి పోలేదు.

నూకరత్నం ఈసారి కబుర్లు చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించి మూలిగింది, పోయినప్పుడు కళ్లు తెరిచి చుట్టూ చూసింది. “తల కనబడతందా?” అని అడిగింది. “కిటికీ తెరవండి,” అంది. ఒకసారి వారిజ చేతిని గోళ్లు దిగేలా నొక్కి, “ఇది గట్టిదండి,” అంది. మధ్యాహ్నం భోజనాల వేళకి జెరూషా బిడ్డని పైకెత్తింది. గది ఏడుపుతో నిండిపోయింది. నర్సులు అటు వెళ్లారు.

వారిజ తల తిప్పలేదు. ఆమె కళ్లు పైకి లేచి, కిందికి దిగుతున్న ఆ గుండెల మీదే ఉన్నాయి. మాయ పడింది. గర్భసంచి ముడుచుకుంటోందని జెరూషా చెప్పింది. వారిజ అరచేయి నూకరత్నం పక్కటెముకల మీద పెట్టింది. ఊపిరి వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. బిడ్డని తెచ్చి తల్లి గుండెల మీద వెయ్యబోతే వారిజ చెయ్యి కొంచెం పక్కకి జరిపింది, అంతే. నూకరత్నం నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో అంటోంది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. చాలాసేపటి తర్వాత జెరూషా వచ్చి భుజం తట్టి, “ఇంక చాలు, లే,” అంటే గానీ వారిజ లేవలేదు.

ఆమె తలుపు తీసేసరికి సింహాద్రి ఎదురుగానే ఉన్నాడు.

“బాగుంది,” అంది వారిజ. “ఊపిరి బాగుంది. మాట్లాడుతోంది.”

అతను కళ్లు తుడుచుకున్నాడు. “ఆడపిల్లా, మగపిల్లాడా అండి?”

“నేను చూడలేదయ్యా,” అంది వారిజ.

సింహాద్రి ఆమె మొహంలోకి చూశాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పక్కకి తప్పుకుని మంగాయమ్మని, ఆమె చెయ్యి పట్టుకున్న లోవని ముందు లోపలికి పోనిచ్చి, తాను వెనకాల వెళ్లాడు.

వారిజ తలుపు దగ్గరే నిలబడింది. లోపల నూకరత్నం అప్పుడే మొదలుపెట్టేసింది. ఏ నొప్పి ఎలా వచ్చిందో, డాక్టరమ్మ ఏమందో, కిటికీలోంచి ఎండ ఎక్కడ పడిందో, బిడ్డ జారినప్పుడు ఎంత వెచ్చగా అనిపించిందో, తడి తల చేతికి ఎలా తగిలిందో వరసపెట్టి చెబుతోంది. లోవ మంచం అంచు పట్టుకుని నోరు తెరుచుకుని వింటోంది.

“పచ్చి బాలింతవి, ఇంక మాట్లాడకు. కాసేపు పడుకో,” అంది మంగాయమ్మ.

“ఆగత్తా,” అంది నూకరత్నం. “ఇంకా చాలా ఉంది.”